కుడివైపు కిటికీలు నావి

ఫిబ్రవరి 4

చిరంజీవి హారన్‌కు,

తాతయ్య దీవెనలు. నువ్వు కారు తీసుకుని వెళ్ళినప్పటి నుంచి షెడ్డు వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు. ఇవాళ తలుపు తీసి చూస్తే నేల మీద నూనె మరక తప్ప ఏమీ లేదు. మీ నానమ్మ అప్పుడే అడ్డంగా తాడు కట్టి దుప్పట్లు ఆరేసింది. "ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నాకంటూ కాస్త చోటు దొరికింది" అంది. ఆవిడకి దేనికీ దిగులుండదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి అనుకుంటున్నావేమో. మీ ఇంటికి ఫోన్ చేస్తే ముందు మీ మీసాల తాతయ్య ఎత్తుతాడు. నా ఆరోగ్యం, ఆయన ఆరోగ్యం, వాన, ఎండ అన్నీ అయ్యాక, నీకు ఇచ్చేసరికి నాకు ఓపిక అయిపోతుంది. మీ అమ్మని కన్న తండ్రి కాబట్టి ఊరుకుంటున్నాను. ఉత్తరమైతే నేరుగా నీ చేతికే వస్తుంది. నా అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయని నవ్వకు. నా కళ్ళకి అంతకన్నా చిన్నవి ఆనవు. నీ ఉత్తరాలు మీ నానమ్మ చదివి వినిపిస్తుంది. నావి అంటించే ముందు కూడా చదవకుండా వదలదు, కనుక ఇక్కడ ఆవిణ్ణి ఏమీ అనడం లేదు.

అసలు సంగతికి వస్తాను. నీ ఉద్యోగం ఇంటింటికీ తిరిగి రోగుల చేత కాళ్ళూ చేతులూ ఆడించడం కాబట్టి కారు నీకిచ్చాను. సంతోషంగానే ఇచ్చాను. కానీ కిటికీల చుట్టూ ఉన్న వెండిరంగు పట్టీలు జాగ్రత్త. కారుకి అందం అంటే అవే. రోజంతా బస్సు నడిపి వచ్చి, ఆదివారం పొద్దున్నే ఇత్తడి సామాను తోమే పేస్టు పట్టుకుని కూర్చునేవాణ్ణి. స్టీరింగు ఉన్న కుడివైపు కిటికీలు నావి, ఎడమవైపు మీ నానమ్మవి. నేను చెమట కారేలా తోమేవాణ్ణి. ఆవిడ తడిగుడ్డతో ఇలా ఒకసారి అని లేచి వెళ్ళిపోయేది. ఎంత తిట్టినా అంతే. నా కళ్ళు మందగించాక కూడా చేత్తో తడిమి తోమాను గానీ ఒక్క ఆదివారం మానలేదు.

పేస్టు డబ్బా డిక్కీలో పెట్టాను. నువ్వే తోము. మీ మీసాల తాతయ్యని ముట్టుకోనివ్వకు. ఆయన జీవితమంతా కట్టుడు పళ్ళు చేసిన మనిషి. నా నోట్లో ఉన్నవి కూడా ఆయన చేసినవే, ఆయన్ని తిట్టాలన్నా ఆయన పళ్ళతోనే తిట్టాల్సి వస్తోంది. పళ్ళు చేసినంత మాత్రాన కారు తెలిసినట్టు కాదు.

పట్టీలు తళతళలాడేలా చేసి తీసుకొస్తాననీ, మొదటి సవారీ నాతోనే అనీ మాటిచ్చావు. అది మరిచిపోకు.

నీ కారు తాతయ్య

ఫిబ్రవరి 13

కారు తాతయ్యకు నమస్కారాలు. నానమ్మకు ముద్దులు (చదువుతున్నది నువ్వే కదా నానమ్మా, నీవి నువ్వే తీసుకో).

ఇక్కడ అందరం బాగున్నాం. పని ఎక్కువగా ఉంది. మోకాలు మార్పించుకున్న ఒక లెక్కల టీచరు నన్ను రోజూ తిడుతోంది. ఆవిడ చేత మెట్లు ఎక్కించేసరికి నా మోకాళ్ళు అరిగేలా ఉన్నాయి. కారు మాత్రం బంగారం. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పట్టీల సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ షెడ్డులో చీకటి కాబట్టి నేను గమనించలేదు. ఇక్కడ ఎండలో నిలబెట్టాక చూస్తే, ఒకవైపు పట్టీలు బాగా మసకబారి ఉన్నాయి. తెల్లటి మచ్చలు, అక్కడక్కడా సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. రెండోవైపు మాత్రం అద్దంలా ఉంది. మీసాల తాతయ్య పళ్ళు చూసుకునే భూతద్దం తెచ్చి కారు చుట్టూ తిరిగాడు. "ఇది నాకు వదిలెయ్యి" అన్నాడు. నేను వద్దనేలోపే రంగుకి దెబ్బ తగలకుండా అంచుల వెంట కాగితం టేపు అంటించేశాడు. పళ్ళకి మెరుగు పెట్టే ఆ బట్ట చక్రం కూడా అటక మీద నుంచి దింపించాడు. అమ్మమ్మ తల పట్టుకుంది.

సాయంత్రాలు ఇద్దరం కలిసి కూర్చుంటున్నాం. నీకు నవ్వు వచ్చే సంగతి ఒకటి. పక్కింటి చిన్నపిల్ల ఆయన్ని రోజూ కారు దగ్గరే చూసి "కారు తాతయ్యా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన మీసం దువ్వుకుంటున్నాడు.

ఉంటాను. పళ్ళు పెట్టుకుని తిను.

హారన్

ఫిబ్రవరి 20

చిరంజీవి హారన్‌కు,

నాకు నవ్వు రాలేదు.

నువ్వు నా ఒళ్ళో కూర్చుని హారన్ నొక్కి నొక్కి వీధి వీధంతా లేపినప్పుడు ఆ మీసాలాయన ఎక్కడున్నాడు? నీకు కడుపులో తిప్పితే కిటికీ దించి తల బయటికి పెట్టించింది ఎవరు? ఆయన అప్పుడు ఎవరి నోరో కొలుస్తూ కూర్చున్నాడు. ఇప్పుడొచ్చి టేపు అంటించగానే కారు తాతయ్య అయిపోయాడా? పక్కింటి పిల్లకి తెలియదు సరే, నువ్వు చెప్పొద్దూ? ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది. పళ్ళు తీసి గ్లాసులో పడేశాను. రెండు రోజులు గంజి తాగాను. మీ నానమ్మ "ఆయన మీద కోపం అన్నం మీద ఎందుకండీ" అంటోంది.

ఇక మచ్చల సంగతి. ఒకవైపు అద్దంలా ఉంది, ఒకవైపు పాడైంది అని రాశావు. ఏ వైపో రాయలేదు, రాయనక్కర్లేదు. నీ ఉత్తరం చదువుతూ చదువుతూ ఆవిడ అక్కడ గొంతు సవరించుకుంది. "విన్నావా, తడిగుడ్డ తడిగుడ్డ అంటే ఇదే" అన్నాను. ఆవిడ వెళ్ళి పాలు పొంగకుండా చూసుకుంది. ఇన్నేళ్ళు నేను మొత్తుకున్నది చివరికి ఎండలో బయటపడింది. నా వైపు చూసి ఎడమవైపు కూడా అలాగే చెయ్యి. పేస్టు ముద్దగా పెట్టి గుండ్రంగా తోము, చెయ్యి నొప్పి పుట్టేదాకా తోము.

నువ్వే తోము. ఆయన చక్రం నా పట్టీల జోలికి రాకూడదు.

ఇట్లు, ఒకే ఒక్క కారు తాతయ్య

మార్చి 1

తాతయ్యకు,

కోపం తగ్గిందా? పళ్ళు పెట్టుకున్నావా? లెక్కల టీచరు నిన్న ఆపకుండా మెట్లన్నీ ఎక్కింది. ఎక్కాక నన్ను కౌగిలించుకుని, వెంటనే మళ్ళీ తిట్టింది.

నువ్వు పెద్దగా బెంగపడకు. నిజానికి రెండువైపులా కాస్త కాస్త మసకబారాయి, అంతే. మరీ అంత తేడా లేదు, నేనే ఎక్కువ చేసి రాశాను. నానమ్మని ఏమీ అనకు.

స్టీరింగు వైపు పట్టీ తీసి చేస్తే పని శుభ్రంగా ఉంటుందని మీసాల తాతయ్య అన్నాడు. తీస్తుంటే లోపలి క్లిప్పు ఒకటి విరిగింది. పాతదే, ఎండిపోయి ఉంది. క్లిప్పు కోసం, వాటర్ పేపరు కోసం విడిభాగాల కొట్టుకి వెళ్ళొచ్చాం. ఆయనకి ముందు సీటు బాగా నచ్చింది. దారంతా "ఎడమకి, ఎడమకి" అంటూనే ఉన్నాడు. నాకు దారి తెలుసు అంటే, "తెలిస్తే మాత్రం చెప్పకూడదా" అన్నాడు. అచ్చం నీలాగే.

ఇప్పుడు ఆ గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి నిలువుగా, ఒకే దిశలో రుద్దుతున్నాం. గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయట.

నీ హారన్

మార్చి 8

హారన్‌కు,

అంతా అర్థమైంది. నాకు కళ్ళు కనబడకపోవచ్చు, బుర్ర పనిచేస్తూనే ఉంది.

ముందు ఒకవైపు అద్దంలా ఉందన్నావు. అది నా వైపు. తర్వాత ఆయన అదే వైపు పట్టీ పీకాడు, క్లిప్పు విరిచాడు. ఇప్పుడు రెండువైపులా మసక అంటున్నావు. అంటే ఏమిటి? బాగున్నదాన్ని కూడా ఆయన పాడు చేశాడు, నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తున్నావు. నిలువుగా రుద్దాలట! నా చేత్తో అన్నేళ్ళు గుండ్రంగా తోమిన పట్టీని ఆయన వచ్చి నిలువుగా రుద్దుతాడా?

అంతకన్నా ముందు సీటు సంగతి నన్ను పొడిచింది. మొదటి సవారీ నాతో అన్నావు. కొట్టు దాకా వెళ్ళడం సవారీ కాదు అంటావేమో. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, నువ్వు నడిపావు, ఆయన ఎడమకి అన్నాడు. ఇక సవారీ అంటే ఇంకేముంటుంది? నాకు కుళ్ళుగా ఉంది, దాచుకోను. ఆయనకి నువ్వు రోజూ కనబడతావు, నీ కాఫీ దొరుకుతుంది, నీ కబుర్లు దొరుకుతాయి. నాకున్నది ఆ కారొక్కటే. అది కూడా ఆయన ఒళ్ళోనే పెట్టావు.

కారు వెనక్కి తీసుకొచ్చెయ్. నీ ఉద్యోగానికి వేరే ఏదైనా చూసుకో, కావాలంటే బస్సు డ్రైవర్ల సొసైటీలో ఉన్న నా మిత్రుణ్ణి అడిగి స్కూటరు ఇప్పిస్తాను. పట్టీలు ఎలా ఉన్నవి అలాగే ఉండనీ. ఇంకెవరూ ముట్టుకోవద్దు.

మీ నానమ్మ ఇది చదివి "ఇలా రాయకండి" అంది. రాశాను.

తాతయ్య

మార్చి 17

తాతయ్యకు,

రోగుల దగ్గర కూడా ఇంతగా ఓపిక పట్టలేదు నేను. ఇక పట్టను. నువ్వు అడిగావు కాబట్టి నిజం రాస్తున్నాను.

పాడైంది కుడివైపు. నీ వైపు. అద్దంలా ఉన్నది ఎడమవైపు, నానమ్మ వైపు. మీసాల తాతయ్య చెయ్యి పెట్టకముందే అలా ఉంది. ఆ పట్టీలు అల్యూమినియంవి. ఫ్యాక్టరీలోనే వాటి మీద సన్నటి పొర ఒకటి వేస్తారు. అది ఉన్నంతకాలం తడిగుడ్డ చాలు. ఇత్తడి పేస్టు పెట్టి తోమితే ఆ పొర అరిగిపోతుంది. అరిగిన చోట గాలీ తేమా తగిలి మచ్చలు వస్తాయి, గుంటలు పడతాయి. నువ్వు ఎంత తోమితే అంత పాడైంది. రెండువైపులా ఒకటే అని నేను రాసింది అబద్ధం. నువ్వు బాధపడతావని రాశాను.

ఇదంతా మాకు కొట్టులో తెలిసింది. పట్టీ చూపిస్తే ఆ కొట్టామె పకపకా నవ్వి, "దీన్ని ఇంతలా గీకేసిన మహానుభావుడు ఎవరండీ" అంది. నేను నోరు తెరవబోయాను. మీసాల తాతయ్య "నేనేనమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన్ని నిలబెట్టి, పెద్దాయన అని కూడా చూడకుండా చీవాట్లు పెట్టింది. ఆయన తల ఊపుతూ అన్నీ విన్నాడు. బయటికొచ్చాక ఎందుకలా చెప్పావని అడిగాను. "ఎవరో మా వియ్యంకుణ్ణి చూసి నవ్వితే నేను నిలబడి చూడాలా" అన్నాడు. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇవాళ నీ వల్లే తప్పాను.

ఆయనకి కూడా నువ్వంటే కుళ్ళే, ఆ సంగతి తెలుసా? నా చిన్నప్పుడు సెలవులకి నేను ఇక్కడికి వస్తే మూడో రోజుకే నీ కారు కోసం ఏడ్చేదాన్నట. "ఒక్క పట్టీ అయినా నా చేత్తో చెయ్యనీ" అని బతిమాలుకుంటున్నాడు.

కారు తెచ్చెయ్యమంటే తెచ్చేస్తాను. ముందు ఈ ఉత్తరం సరిగ్గా విను.

హారన్

మార్చి 25

చిరంజీవి హారన్‌కు తాతయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ నానమ్మ కిటికీ దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించింది. మనసు కుదుటపడింది.

నేను అనుకున్నదే నిజమని నువ్వు ఒప్పుకున్నందుకు సంతోషం. కుడివైపు అద్దంలా ఉంది, ఎడమవైపు తడిగుడ్డ వల్ల పాడైంది అని స్పష్టంగా రాశావు. మీసాల తాతయ్య నా వైపు పనితనం చూసి ముచ్చటపడ్డాడని, కొట్టామె కూడా "ఎవరో మహానుభావుడు తోమాడు" అని మెచ్చుకుందని విని కాస్త సిగ్గేసింది కూడా. వియ్యంకుడిలో ఇంత మంచితనం ఉందనుకోలేదు. ఆయన మీద కోపం తీసేశాను. పళ్ళు పెట్టుకున్నాను.

కారు నీ దగ్గరే ఉండనీ. వీలు చూసుకుని వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళు. మీ నానమ్మ కూడా వస్తానంటోంది. చదివాక "మీరు చెప్పిందే అయిందిగా, ఇక అన్నం తినండి" అంది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

కారు తాతయ్య

ఏప్రిల్ 2

తాతయ్యకు, నానమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను తాతయ్యా. అవును, కుడివైపే బాగుంది. నీ వైపే.

మీసాల తాతయ్యకి కూడా చదివి వినిపించాను. ఆయన చొక్కా చేతులు మడిచి కుడివైపుకి వెళ్ళాడు. అప్పటి నుంచి రోజూ అక్కడే ఉంటున్నాడు. వచ్చే ఆదివారం వస్తున్నాం. ఆయన కూడా వస్తానంటున్నాడు, వద్దనకు. వెనక సీట్లో కూర్చుంటాడు.

నానమ్మా, నువ్వు చాలా బాగా చదువుతావు.

మీ హారన్

ఏప్రిల్ 5

హారన్ తల్లికి,

ఈ ఉత్తరం మీ నానమ్మ చూడలేదు. చిరునామా కూడా నేనే రాశాను, అందుకే కవరు సగం నిండిపోయింది. పోస్టు డబ్బా దాకా నేనే నడుచుకుంటూ వెళ్తాను. నువ్వు కూడా ఎవరికీ చూపించకు. మీసాల తాతయ్యకి మాత్రం చూపించు.

రెండేళ్ళుగా ఆవిడ నాకు పేపరు చదువుతోంది. ధరలు పెరిగాయని వస్తే నాకు రక్తపోటు పెరుగుతుందని తగ్గాయని చదువుతుంది. తెలిసినవాళ్ళు పోయారని వస్తే ఆ పేజీ తిప్పేస్తుంది. ఉన్నది చదివేటప్పుడు ఆవిడ తడబడుతుంది, లేనిది చదివేటప్పుడు గడగడా చదువుతుంది. నువ్వు నిజం రాసిన ఉత్తరం మొదటి ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఇక తడుముకోలేదు. అప్పుడే అనుమానం వచ్చింది. ఆవిడ దుప్పట్లు ఉతికి షెడ్డులో ఆరేసే పనిలో ఉన్నప్పుడు, భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాను. మధ్యాహ్నమంతా పట్టింది.

నా కిందటి ఉత్తరం అంటించే ముందు ఆవిడ చదువుతుందని తెలిసే అలా రాశాను. ఇన్నేళ్ళు నా చేత బద్ధకస్తురాలనిపించుకున్న మనిషి, తనదే పైచెయ్యి అని చేతిలో కాగితం ఉండి కూడా నాకు తిరగేసి చదివింది. అలాంటప్పుడు నాకు తెలిసిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. తెలియనట్టే ఉంటాను. నువ్వు కూడా అలాగే ఉండు.

మీ మీసాల తాతయ్యని బాగా రుద్దమను, నిలువుగానే రుద్దమను. నా పట్టీ ఆయన చేతిలో మెరుస్తుందంటే నాకు కుళ్ళుగానే ఉంది, అది పోదు. కానీ కొట్టులో నా బదులు తిట్లు తిన్నవాడికి ఇంకొకటి అడ్డు చెప్పలేను. పక్కింటి పిల్ల ఎలా పిలిస్తే అలాగే పిలవనీ. అయ్యాక డిక్కీలో ఉన్న పేస్టు డబ్బా పారెయ్యి. ఇక మీదట తడిగుడ్డే.

ఆదివారం నేను ముందు సీట్లో కూర్చోను. మీ నానమ్మని కూర్చోబెట్టు, ఆవిడ కిటికీ ఆవిడకే ఉండనీ. నేను, వియ్యంకుడు వెనక కూర్చుంటాం. ఎడమకి తిరగమని ఇద్దరం చెబుతాం, నువ్వు ఎవరి మాటా వినకు.

ఇది రాస్తుంటే ఆవిడ వచ్చింది. చదివే పేపరు తీసి దీని మీద కప్పాను. "ఏం రాస్తున్నారు" అంది. "మన వియ్యంకుణ్ణి తిడుతున్నాను" అన్నాను. "తిట్టండి, కానీ ఆ మసకలో ఎలా కనబడుతోంది మీకు" అని నా కళ్ళజోడు లాక్కుని, తడిగుడ్డతో ఇలా ఒకసారి అని, మళ్ళీ ముక్కు మీద పెట్టి వెళ్ళింది.

ఇప్పుడు అక్షరాలు బాగా కనబడుతున్నాయి.

తాతయ్య